మన ఇంటి రౌటర్‌కూ ఒక వెర్షన్ ఉంది: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మీద తల్లిదండ్రులకు ఒక పాఠం



పోయిన పేరెంట్స్ మీటింగ్ రోజున ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేచి వెళ్ళబోతూ ఆగారు. "మేడం, మా పాప ఫోన్లో మీ ఆన్‌లైన్ టెస్టు తెరవబోతే మధ్యలో ఏవో లాటరీ పేజీలు వస్తున్నాయి. ఫోన్ చెడిపోయిందని షాపులో ఇచ్చి మొత్తం తుడిపించాను. అయినా పోలేదు. కొత్త ఫోన్ కొనమంటారా?" అని అడిగారు.

నేను ఎదురు ప్రశ్న వేశాను. "మొబైల్ డేటా మీద వాడినప్పుడు కూడా వస్తున్నాయా, ఇంట్లో వైఫై మీదేనా?" ఆయన కాసేపు ఆలోచించి "వైఫై మీదే" అన్నారు. "మరి అమ్మగారి ఫోన్లో?" అంటే, "అందులోనూ వస్తున్నాయి, ఆమె పట్టించుకోలేదు" అన్నారు.

రెండు ఫోన్లకు ఒకేసారి ఒకే జబ్బు చేసిందంటే, అవి రెండూ నీళ్ళు తాగే కుండను చూడాలి. ఇంట్లో ఆ కుండ వైఫై బాక్స్, అంటే రౌటర్. వారి రౌటర్ కొని ఐదేళ్ళు దాటింది. కొన్న రోజున లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఉందో ఈ రోజుకూ అదే. లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ కూడా కంపెనీ పెట్టి ఇచ్చిన "అడ్మిన్" అనే మాటే. ఎవరో బయటి నుంచి ఆ సెట్టింగుల్లోకి దూరి, ఒక అడ్రసు మార్చి వెళ్ళారు. రౌటర్‌ను రీసెట్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, పాస్‌వర్డ్ మార్చాక లాటరీ పేజీలు ఆగిపోయాయి. కొత్త ఫోన్ కొనే పని తప్పింది.

ఆ రోజు నుంచి ఈ పాఠం రాయాలని అనుకుంటున్నాను. పిల్లల ఫోన్‌కు లాక్ పెడతాం, యూట్యూబ్‌కు టైమ్ పెడతాం. కానీ పాప పాఠం, అమ్మ యూపీఐ, నాన్న బ్యాంకు, మన స్కూల్ ఫీజు అన్నీ ఏ బాక్స్ గుండా వెళ్తున్నాయో దాని ముఖం చూడం. సంవత్సరానికి నాలుగు సార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చూస్తే చాలు. ఆ పది నిమిషాల్లో ఏం చూడాలో, ఏం చేయకూడదో ఇక్కడ చెబుతాను.

ముందు రెండు మాటల అర్థం

రౌటర్ అంటే యాంటెన్నాలు ఉన్న ప్లాస్టిక్ డబ్బా మాత్రమే కాదు. అది ఒక చిన్న కంప్యూటర్. దానికి ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. స్క్రీన్, కీబోర్డు లేవు కాబట్టి మనకు కంప్యూటర్ అనిపించదు. ఆ లోపలి సాఫ్ట్‌వేర్‌నే ఫర్మ్‌వేర్ అంటారు. ఫ్లాష్ మెమరీ అనే చిప్‌లో రాసి ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా చెరిగిపోదు.

ఫర్మ్‌వేర్‌ను పాఠ్యపుస్తకంలా ఊహించుకోండి. మొదటి ముద్రణలో కొన్ని తప్పులు ఉంటాయి. వాడే కొద్దీ ఎవరో ఒకరు వాటిని పట్టుకుంటారు. తరువాతి ముద్రణలో సరిచేస్తారు. ఫర్మ్‌వేర్ వెర్షన్ అంటే ఎన్నో ముద్రణ అని తెలిపే నంబరు. అయితే ఒక తేడా ఉంది. పుస్తకంలో తప్పు ఉంటే పిల్లవాడికి ఒక మార్కు పోతుంది. ఫర్మ్‌వేర్‌లో తప్పు ఉంటే దాన్ని దొంగలు కూడా చదువుకుంటారు. కంపెనీ "ఈ తప్పు సరిచేశాం" అని ప్రకటించిన రోజున, పాత వెర్షన్ వాడే ఇళ్ళల్లో ఆ తప్పు ఇంకా ఉందని అందరికీ తెలిసిపోతుంది. అందుకే అప్‌డేట్ వచ్చాక ఊరికే కూర్చోవడం, రాక ముందు కూర్చోవడం కంటే ప్రమాదం.

లాటరీ పేజీలు ఎలా వచ్చాయి?

మన ఊరి బస్టాండులో దిగిన కొత్త మనిషి "ఫలానా వారి ఇల్లు ఎక్కడ?" అని అడుగుతాడు. చెప్పేవాడు మంచివాడైతే సరైన వీధి చూపిస్తాడు. మోసగాడైతే తనకు కావలసిన ఇంటికి పంపుతాడు. ఇంటర్నెట్‌లో కూడా పేరు చెబితే అడ్రసు చెప్పే ఒక సేవ ఉంది. దాన్ని డీఎన్‌ఎస్ అంటారు. ఏ డీఎన్‌ఎస్‌ను అడగాలో ఫోన్‌కు మామూలుగా రౌటర్ చెబుతుంది. రౌటర్‌లో ఆ ఒక్క వరుస మార్చేస్తే చాలు, ఇంట్లో ప్రతి ఫోనూ మోసగాడినే దారి అడుగుతుంది. ఫోన్ మార్చినా లాభం ఉండదు.

ఇక్కడ ఒక మంచి అలవాటు గుర్తు పెట్టుకోండి. బ్యాంకు పేజీగానీ ఫీజు పేజీగానీ తెరిచినప్పుడు "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తే, "పరవాలేదు" అని ముందుకు నొక్కకండి. పేరుకూ అడ్రసుకూ పొంతన కుదరలేదని ఫోన్ మీకు చెబుతోంది. అక్కడే ఆగండి. మొబైల్ డేటాకు మారి మళ్ళీ చూడండి.

ఇది మన దగ్గర జరిగేదేనా?

జరిగింది. 2017 జూలైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడేవారి మోడెంలకు ఒక మాల్వేర్ సోకింది. పాస్‌వర్డ్‌ను "అడ్మిన్" అనే ఉంచేసిన మోడెంలు దానికి దొరికిపోయాయి. వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోండని ఆ సంస్థ తన వినియోగదారులను కోరింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఖర్చు పెట్టనివారికి రోజుల తరబడి నెట్ లేకుండా పోయింది.

అంతకు ముందు సంవత్సరం, 2016లో, మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచమంతా తిరిగింది. దాని దగ్గర పెద్ద విద్య ఏమీ లేదు. కంపెనీలు మామూలుగా పెట్టి ఇచ్చే అరవై చిల్లర యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతల పట్టిక మాత్రం ఉంది. కనిపించిన ప్రతి రౌటర్‌లో, ప్రతి సీసీ కెమెరాలో వాటిని ఒక్కొక్కటిగా వేసి చూసేది. అలా లొంగిన పరికరాలన్నీ కలిసి 2016 అక్టోబరు 21న అమెరికాలో ఒక పెద్ద డీఎన్‌ఎస్ సంస్థ మీద విరుచుకుపడ్డాయి. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటల పాటు చాలామందికి తెరుచుకోలేదు. మన మండలంలో రొయ్యల గుంటల దగ్గర కెమెరాలు పెట్టుకుని ఫోన్లో చూసుకునే వారు చాలామంది ఉన్నారు. ఆ కెమెరాకూ ఇదే నియమం. ఇంటి రౌటర్‌కు ఎంత శ్రద్ధో గుంట మీది కెమెరాకూ అంతే.

మూడో సంఘటన మన అందరి అలవాటుకు సంబంధించింది. నెట్ నెమ్మదిస్తే మనం చేసే వైద్యం ఒకటే, స్విచ్ ఆపి మళ్ళీ వేయడం. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం ఐదు లక్షల పరికరాలకు సోకిందని సిస్కో పరిశోధకులు బయటపెట్టారు. రౌటర్లను ఒకసారి ఆపి వేయమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలను కోరింది. అయితే ఆపి వేస్తే ఆ మాల్వేర్‌లో కొంత భాగమే పోయేది, వేరు మాత్రం లోపలే ఉండేది. అందుకే ఆపి వేయడంతో పాటు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి అని కూడా చెప్పారు. స్విచ్ ఆపి వేయడం ముఖం కడుక్కోవడం లాంటిది. అప్‌డేట్ మందు వేసుకోవడం లాంటిది.

మొదటి మెట్టు: ఆ బాక్స్ ఎవరిది?

ఏ పని మొదలు పెట్టకముందే ఇది తేల్చుకోవాలి. మన వైపు ఇళ్ళల్లో మామూలుగా రెండు రకాల బాక్సులు కనిపిస్తాయి.

ఒకటి, కనెక్షన్‌తో పాటు వారే ఇచ్చిన ఫైబర్ బాక్స్. సన్నటి పసుపు లేదా నలుపు ఫైబర్ తీగ నేరుగా దాంట్లోకే వస్తుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్ గ్రిడ్ కనెక్షన్లు కేబుల్ ఆపరేటర్ల ద్వారానే మన ఇళ్ళకు వచ్చాయి. ఇతర కంపెనీల ఫైబర్ కూడా ఇదే పద్ధతి. ఈ బాక్స్ ఫర్మ్‌వేర్‌ను మామూలుగా కంపెనీయే తన ఆఫీసు నుంచి తీగ ద్వారా మారుస్తుంది. దానికి మీరు ఎక్కడి నుంచో ఫైలు దించి ఎక్కించకండి. తప్పు ఫైలు ఎక్కిస్తే లైను గుర్తింపు పోయి, కంపెనీ మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. మీరు చేయవలసినవి రెండే. లాగిన్ పాస్‌వర్డ్ మార్చుకోవడానికి వీలుందేమో చూడటం, మీ ఆపరేటర్‌ను ఒక ప్రశ్న అడగటం. "అన్నా, మా బాక్స్ ఫర్మ్‌వేర్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? ఈ మోడల్‌కు కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తోందా?" ఇలా నలుగురు అడిగితే ఆయన పైవాళ్ళను అడుగుతాడు.

రెండు, మీరు నెల్లూరులోనో ఆన్‌లైన్‌లోనో డబ్బు పెట్టి కొనుక్కున్న రౌటర్. ఫైబర్ బాక్స్ నుంచి ఒక లాన్ కేబుల్ దీంట్లోకి వస్తుంది. దీని బాధ్యత పూర్తిగా మీదే. ఇక్కడి నుంచి చెప్పే మెట్లన్నీ ఈ రెండో రకానికే.

రెండో మెట్టు: పేరు, నంబరు సరిగా చదవడం

రైతు కుటుంబాల వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నెల్లూరు మసూరి అని అందరం అంటాం. విత్తనాల బస్తా కొనేటప్పుడు మాత్రం ఎన్‌ఎల్‌ఆర్ 34449 అన్న నంబరు చూస్తాం. పేరు ఒకటే అనిపించినా నంబరు తేడా అయితే పంట తేడా. రౌటర్ కూడా అంతే.

రౌటర్‌ను తిప్పి అడుగున ఉన్న లేబుల్ చూడండి. అక్కడ మోడల్ పేరు ఉంటుంది. దాని పక్కనో కిందనో "వెర్" అనిగానీ "హెచ్/డబ్ల్యూ వెర్" అనిగానీ ఇంకో నంబరు ఉంటుంది. అది హార్డ్‌వేర్ వెర్షన్. ఒకే మోడల్ పేరుతో కంపెనీ ఏళ్ళ తరబడి అమ్ముతుంది గానీ, లోపలి చిప్‌లు మారుస్తూ ఉంటుంది. వెర్షన్ 2కు చేసిన ఫర్మ్‌వేర్ వెర్షన్ 3కు సరిపోదు. కొన్ని కంపెనీలు దేశాన్ని బట్టి కూడా వేరు వేరు ఫైళ్ళు ఇస్తాయి. కాబట్టి మోడల్ పేరు, హార్డ్‌వేర్ వెర్షన్, ఇండియాకు ఇచ్చిన ఫైలేనా అన్నది, ఈ మూడూ కలవాలి. లేబుల్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. చాలాసార్లు పనికొస్తుంది.

తరువాత లోపలి ఫర్మ్‌వేర్ వెర్షన్ చూడాలి. ఆ వైఫైకే కలిసి ఉన్న ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, లేబుల్ మీద ముద్రించిన అడ్రసు కొట్టండి. చాలా రౌటర్లకు అది 192.168.0.1 లేదా 192.168.1.1. పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్తే "స్టేటస్" పేజీలోనో, "సిస్టమ్ టూల్స్"లో "ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్" అన్నచోటో వెర్షన్ కనిపిస్తుంది. కంపెనీ సొంత యాప్ ఉంటే అందులోనూ చూడవచ్చు.

ఉదాహరణకు అక్కడ "1.9.2 బిల్డ్ 20220714" అని ఉందనుకోండి. బిల్డ్ పక్కన ఉన్న పెద్ద అంకె తేదీ. ముందు సంవత్సరం, తరువాత నెల, తరువాత రోజు. అంటే 2022 జూలై 14న తయారైన ముద్రణ. అన్ని కంపెనీలూ ఇలా రాయవు గానీ, రాసినచోట ఇదే చాలా పనికొచ్చే సమాచారం.

ఇక చుక్కల మధ్య అంకెలు. ఇక్కడ పిల్లలను ఒక ప్రశ్న అడగండి. 1.9, 1.10 ఈ రెంటిలో ఏది పెద్దది? దశాంశాలు నేర్చుకున్న ఐదో తరగతి పిల్లవాడు 1.9 అంటాడు. లెక్కల్లో అది సరైన జవాబే. వెర్షన్లలో మాత్రం 1.10 కొత్తది. ఎందుకంటే అక్కడి చుక్క దశాంశ బిందువు కాదు. ఒకటో భాగంలో తొమ్మిదో పాఠం తరువాత పదో పాఠం వచ్చినట్టు, 1.9 తరువాత 1.10 వస్తుంది. పెద్దవాళ్ళు కూడా ఇక్కడ పొరబడి, "మాది కొత్తదే ఉందిలే" అని వదిలేస్తుంటారు. మామూలుగా మొదటి అంకె మారితే పెద్ద మార్పు, మధ్య అంకె మారితే కొత్త సౌకర్యాలు, చివరి అంకె మారితే చిన్న సవరణలు. చివరి అంకే కదా అని తేలిగ్గా తీసుకోకండి. భద్రతకు సంబంధించిన సవరణలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

కొత్త ఫర్మ్‌వేర్‌తో పాటు "రిలీజ్ నోట్స్" అని నాలుగు వరుసలు ఇంగ్లీషులో ఇస్తారు. ఇంగ్లీషు టీచరుగా రెండు మాటలు చెబుతాను. "ఇంప్రూవ్డ్ స్టెబిలిటీ" అంటే మధ్య మధ్యలో ఆగిపోవడం తగ్గించాం అని. "ఫిక్స్‌డ్ సెక్యూరిటీ వల్నరబిలిటీ" అంటే దొంగ దూరే కంత పూడ్చాం అని. మొదటిది ఉంటే వీలు చూసుకుని చేయండి. రెండోది ఉంటే ఆ వారంలోనే చేయండి.

మూడో మెట్టు: అప్‌డేట్ చేయడం, నేను చేసిన తప్పు

ఈ మెట్టు రాసే ముందు నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో రౌటర్‌ను నేనే అప్‌డేట్ చేశాను. సాయంత్రం ఏడు గంటలు, బయట గాలి వీస్తోంది. "ఐదు నిమిషాల పనే కదా" అని నొక్కాను. సగంలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక రౌటర్‌లో ఒకే లైటు వెలిగి, అలాగే ఉండిపోయింది. ఫర్మ్‌వేర్ పాతది చెరిగిపోయి, కొత్తది సగమే రాసి ఉంది. ఆ రాత్రే మా తమ్ముడికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టడానికి చివరి గడువు. ఇంట్లో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. మా నాయన వాణ్ణి మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని, సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ రోడ్డు మీదికి వెళ్ళి, మూసి ఉన్న ఒక అంగడి అరుగు మీద కూర్చుని ఆప్షన్లు పెట్టించారు. ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బాధగా ఉండింది.

అయితే నా అసలు తప్పు ఆ తరువాత చేశాను. భయపడి, కొత్తగా కొన్న రౌటర్‌ను మూడేళ్ళు ముట్టుకోలేదు. ఒకసారి చెయ్యి కాలిందని వంట మానేసినట్టు. అప్‌డేట్ చేయడం తప్పు కాదు, వేళ చూడకుండా చేయడం తప్పు. అందుకే ఇప్పుడు ఈ వరుస పాటిస్తాను.

ఒకటి. ఆదివారం ఉదయం లాంటి తీరిక వేళ చూసుకోండి. పరీక్షలు, ఫీజు గడువులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు ఉన్న రోజు వద్దు. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. వాన మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి. ఇన్వర్టరు ఉంటే రౌటర్ ప్లగ్‌ను దాని మీదికి మార్చండి.

రెండు. ముందుగా "బ్యాకప్" అన్నచోట నొక్కి ఇప్పటి సెట్టింగులను ఒక ఫైలుగా దాచుకోండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, ఆపరేటర్ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. ఈ చివరిది చాలా ముఖ్యం. అప్‌డేట్ తరువాత కొన్ని రౌటర్లు దాన్ని మళ్ళీ అడుగుతాయి.

మూడు. పేజీలోనో యాప్‌లోనో "చెక్ ఫర్ అప్‌డేట్స్" అనే బటన్ ఉంటే అదే వాడండి. సరైన ఫైలును రౌటరే వెతుక్కుంటుంది. ఆ బటన్ లేకపోతే కంపెనీ సొంత వెబ్‌సైటులో సపోర్ట్ పేజీకి వెళ్ళి, మీ మోడల్, మీ హార్డ్‌వేర్ వెర్షన్ ఎంచుకుని ఫైలు దించుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకు నుంచి, వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫైలు నుంచి ఎప్పుడూ చేయకండి. జిప్ ఫైలు అయితే విప్పి, లోపలి ఫైలునే ఎక్కించాలి.

నాలుగు. ఫైలు మీరే ఎక్కించేటట్లయితే ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి ఎక్కించండి. వైఫై మీద అయితే మధ్యలో తెగిపోవచ్చు.

ఐదు. మొదలయ్యాక చెయ్యి వెనక్కి తీసుకోండి. మామూలుగా ఐదారు నిమిషాలు పడుతుంది. లైట్లు ఆరి, వెలిగి, మెరుస్తాయి. కంగారు పడి ప్లగ్ పీకకండి. పది నిమిషాలు ఆగండి. పిల్లలకు ముందే చెప్పండి, "వైఫై పోయింది" అని వచ్చి స్విచ్ నొక్కేది ఎక్కువగా వాళ్ళే.

ఒకవేళ నాకు జరిగినట్టు జరిగినా వెంటనే పారేయకండి. కొన్ని రౌటర్లకు రికవరీ పద్ధతి ఉంటుంది. వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపండి.

నాలుగో మెట్టు: అప్‌డేట్ అయ్యాక ఐదు చూపులు

అప్‌డేట్ అయింది కదా అని పేజీ మూసేయకండి. లోపల ఉండగానే ఇవి చూడండి.

వెర్షన్ నంబరు నిజంగా మారిందా అని చూడండి. లాగిన్ పాస్‌వర్డ్ "అడ్మిన్" కాకుండా ఇంకేదైనా పెద్దది పెట్టండి. ఇది వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ వేరు అని గుర్తుంచుకోండి. "రిమోట్ మేనేజ్‌మెంట్" ఆన్‌లో ఉంటే ఆపేయండి. మీ రౌటర్ సెట్టింగులను ఊరి బయట నుంచి తెరవవలసిన అవసరం మామూలు ఇంటికి లేదు. వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అని ఉండాలి. చివరగా డీఎన్‌ఎస్ అన్నచోట మీకూ మీ ఆపరేటర్‌కూ తెలియని అడ్రసు ఏదైనా ఉంటే, ఆయనకు ఫోన్ చేసి అడిగి సరిచేయండి.

"ఆటో అప్‌డేట్" సౌకర్యం ఉంటే ఆన్ చేసి, వేళ తెల్లవారుజామున పెట్టండి. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళకు ఇది అన్నిటికంటే తేలిక. లేనివారు నోటిఫికేషన్ మాత్రం పెట్టుకుని, తామే వేళ చూసుకుని చేయడం మంచిది.

ఐదో మెట్టు: ఎప్పుడు సెలవు చెప్పాలి?

రౌటర్ పాడు కాకపోయినా కంపెనీ ఏదో ఒక రోజున దానికి అప్‌డేట్లు ఆపేస్తుంది. దాన్ని "ఎండ్ ఆఫ్ లైఫ్" అంటారు. లైట్లు వెలుగుతాయి, నెట్ వస్తుంది, కాబట్టి మనకు ఏ తేడా తెలియదు. కానీ కొత్తగా కనిపెట్టిన కంతలు ఇక ఎప్పటికీ పూడవు.

దీనికి మన ఇళ్ళకు దగ్గర ఉదాహరణ ఉంది. టీపీ-లింక్ వారి డబ్ల్యూఆర్841ఎన్, డబ్ల్యూఆర్940ఎన్, డబ్ల్యూఆర్740ఎన్ అనే మోడళ్ళు ఒకప్పుడు మన దగ్గర బాగా అమ్ముడుపోయిన చవక రౌటర్లు. వీటిలో కొన్ని పాత హార్డ్‌వేర్ వెర్షన్లలో ఉన్న లోపాన్ని దొంగలు నిజంగా వాడుకుంటున్నారని 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తన పట్టికలో చేర్చింది. ఇక్కడ కూడా మోడల్ పేరు చూసి కంగారు పడకండి, లేబుల్ మీద వెర్షన్ చూడండి. ఆ పట్టికలో చేరినవి 841ఎన్‌లో 8, 10 వెర్షన్లు, 940ఎన్‌లో 2, 4 వెర్షన్లు, 740ఎన్‌లో 1, 2 వెర్షన్లు. ఇంట్లో అలాంటిది ఉంటే మార్చేయడమే మంచిది. పాతది అటక మీద పెట్టి మళ్ళీ గుంట దగ్గర కెమెరాకు వాడటం కూడా వద్దు.

కొత్తది కొనేటప్పుడు యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టే ముందు రెండు అడగండి. ఈ మోడల్‌కు ఆటో అప్‌డేట్ ఉందా? కంపెనీ సైటులో దీనికి చివరి ఫర్మ్‌వేర్ ఎప్పుడు వచ్చింది? చివరి తేదీ మూడు నాలుగేళ్ళ కిందటిది అయితే, ఎంత చవకైనా ఆ పెట్టె మళ్ళీ షెల్ఫ్‌లో పెట్టేయండి.

ఒకవేళ డబ్బు పోతే

వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ తరువాత బ్యాంకు. ఆ తరువాతే రౌటర్. పిల్లవాణ్ణి తిట్టే పని అన్నిటికంటే చివర పెట్టుకోండి, వీలైతే మానేయండి. ఆ లాటరీ పేజీల విషయంలో కూడా, పాపే ఏదో నొక్కి ఉంటుందని ఇంట్లో నెల రోజులు తిట్లు తినింది. తప్పు అల్మారా మీద లైట్లు మెరిపిస్తూ కూర్చున్న పెట్టెది.

ఈ నెల ఇంటి పని

ఇది పిల్లలకూ మీకూ కలిపి ఇస్తున్న హోమ్‌వర్క్. ఆరో తరగతి, ఆపైన చదివే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక తెల్ల కాగితం మీద ఈ ఆరు రాయించండి.

1. మన బాక్స్ ఎవరిది? మనం కొన్నదా, కంపెనీ ఇచ్చిందా?
2. మోడల్ పేరు, హార్డ్‌వేర్ వెర్షన్.
3. ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ వెర్షన్, దాని తేదీ.
4. కంపెనీ సైటులో ఉన్న కొత్త ఫర్మ్‌వేర్ వెర్షన్.
5. ఈ రోజు ఏం చేశాం?
6. మళ్ళీ చూడవలసిన తేదీ. ఈ రోజు నుంచి మూడు నెలలు.

పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కాగితం మీద రాయించకండి. వాటికి వేరే కాగితం, అది పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి. ఆరు వరుసలు రాసిన కాగితాన్ని బీరువా తలుపు లోపల అంటించండి. గ్యాస్ బుక్ చేసిన తేదీ ఎక్కడ రాసుకుంటారో అక్కడ అయినా సరే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆ కాగితం ఫోటో చూపించండి. మూడో వరుస దగ్గర ఆగిపోయినా పరవాలేదు, మీ రౌటర్ లేబుల్ ఫోటో తీసుకుని రండి. క్లాసు అయ్యాక కూర్చుని ఇద్దరం కలిసి చూద్దాం.